బీకర్ జనం సమాధులు: పాత్ర, మనిషి, ఆచారం

సభకు నమస్కారం.

నేటి ప్రసంగ విషయం ఐరోపాలో లిపి పుట్టకముందు కాలానికి చెందినది. క్రీ.పూ. 2800 ప్రాంతం నుంచి క్రీ.పూ. 1800 ప్రాంతం వరకు, సుమారు వెయ్యి సంవత్సరాల పాటు, పోర్చుగల్ తీరం మొదలుకొని హంగేరీ మైదానాల దాకా, ఉత్తరాన స్కాట్లండ్, డెన్మార్క్ మొదలుకొని దక్షిణాన సిసిలీ, మొరాకో దాకా ఒకే పోలికగల మట్టిపాత్ర కనిపిస్తుంది. తలకిందులుగా పట్టుకుంటే గంటలా ఉండే ఆకారం, పలుచని గోడలు, అడుగు నుంచి అంచు వరకు అడ్డంగా పట్టీలు పట్టీలుగా అద్దిన నగిషీ దాని గుర్తులు. జర్మన్ పండితుడు పాల్ రైనెకె 1900లో దానికి గంటపాత్ర అని పేరు పెట్టాడు. నాలుగేళ్ళ తరువాత స్కాట్లండ్‌కు చెందిన జాన్ అబర్‌క్రాంబీ బ్రిటన్‌లో దొరికిన అదే జాతి పాత్రలను బీకర్లు అన్నాడు. అప్పటినుంచి ఆ పాత్రతోపాటు పాతిపెట్టబడిన వారిని బీకర్ జనం అనడం వాడుకలోకి వచ్చింది.

ఈ ప్రసంగంలో నేను మీ ముందు ఉంచదలచిన వాదం ఒక్కటే. పాత్ర, దాన్ని వాడిన మనిషి, ఆ మనిషిని పాతిపెట్టిన ఆచారం అనే మూడూ ఐరోపా అంతటా కలిసి ప్రయాణించలేదు. ఒక ప్రాంతానికి పాత్ర ఒక్కటే చేరింది. మరో ప్రాంతానికి మనుషులే పెద్ద సంఖ్యలో వలస వెళ్ళారు. ఇంకోచోట పాత్రనూ ఆయుధాలనూ స్వీకరించి, శవసంస్కారంలో మాత్రం పాత పద్ధతినే నిలుపుకున్నారు. కాబట్టి ఒక సమాధి బయటపడినప్పుడు ఈ మూడు విషయాలనూ విడివిడిగా ప్రశ్నించాలి. ఒకదానికి దొరికిన జవాబును మిగిలిన రెండింటికీ అంటగట్టరాదు. ఇది చిన్న జాగ్రత్తగా తోచవచ్చు గానీ, దీన్ని పాటించకపోవడం వల్ల వందేళ్ళకు పైగా ఈ రంగంలో జరిగిన పొరపాట్లు ఎన్నో ఉన్నాయి. వాటిని తరువాత ప్రస్తావిస్తాను.

బీకర్ సమాధిలోని కొత్తదనం అర్థం కావాలంటే దానికి ముందున్న పద్ధతి తెలియాలి. నవీన శిలాయుగపు పశ్చిమ ఐరోపాలో, అంటే తొలి వ్యవసాయదారుల కాలంలో, అనేకచోట్ల మృతులను ఉమ్మడిగా ఉంచేవారు. దక్షిణ ఇంగ్లండ్‌లో ఏవ్‌బరీకి దగ్గరగా ఉన్న వెస్ట్ కెనెట్ పొడవాటి దిబ్బ ఇందుకు మంచి ఉదాహరణ. క్రీ.పూ. 3650 ప్రాంతంలో కట్టిన ఆ దిబ్బ తూర్పు కొసన రాతిపలకలతో కట్టిన గదులు ఉన్నాయి. 1955–56లో స్టువర్ట్ పిగట్, రిచర్డ్ అట్కిన్సన్ వాటిని తవ్వినప్పుడు స్త్రీ పురుషుల, పిల్లల ఎముకలు కలగలిసిపోయి కనిపించాయి. ఉండవలసినన్ని పుర్రెలు లేవు, పొడవైన ఎముకలూ తగ్గాయి. అంటే శవం శిథిలమైన తరువాత బతికున్నవారు లోపలికి వచ్చి ఎముకలను సర్దారు, కొన్నింటిని బయటికి తీసుకువెళ్ళారు. మరణించిన వ్యక్తి అక్కడ కొంతకాలానికి తన విడి రూపాన్ని కోల్పోయి పూర్వీకుల సమూహంలో కలిసిపోయేవాడని పండితులు భావిస్తారు. ఆ గదులను చాలా శతాబ్దాల తరువాత మట్టితో, సుద్దరాళ్ళతో పూడ్చివేశారు. ఆ పూడికలో పై భాగాన బీకర్ పెంకులు దొరికాయి. పాత ఉమ్మడి సమాధి శాశ్వతంగా మూతపడిన కాలమూ, కొత్త సమాధి పద్ధతి బ్రిటన్‌లో అడుగుపెట్టిన కాలమూ ఇంచుమించు ఒకటే.

ఆ కొత్త పద్ధతిలో ఒక గొయ్యిలో ఒక్క మనిషినే పాతిపెడతారు. శవాన్ని వెల్లకిలా పడుకోబెట్టరు. మోకాళ్ళు పొట్ట వైపు ముడిచి, నిద్రపోతున్నట్టుగా ఒక పక్కకు తిప్పి ఉంచుతారు. తల దగ్గరో కాళ్ళ దగ్గరో ఒక బీకర్ ఉంటుంది. పురుషుడైతే రాగి బాకు, చెకుముకిరాతి బాణపు మొనలు, మణికట్టుకు కట్టే సన్నని రాతిపలక వంటివి కొన్ని తోడుగా పెడతారు. గొయ్యి పూడ్చాక కొన్నిచోట్ల పైన గుండ్రటి మట్టిదిబ్బ పోస్తారు. ఈ సమాధిని మళ్ళీ మళ్ళీ తెరిచి ఎముకలు కలపడం నియమం కాదు. ఆ మనిషి తనదైన భంగిమలో, తనకు ఇచ్చిన వస్తువులతో, ఒంటరిగా ఉండిపోతాడు.

ఇందులో దిక్కులకు ఇచ్చిన ప్రాధాన్యం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. నేటి బవేరియా, బొహీమియా, మొరేవియా ప్రాంతాల బీకర్ శ్మశానాలలో పురుషుణ్ణి ఉత్తరాన తల పెట్టి ఎడమ పక్కకు, స్త్రీని దక్షిణాన తల పెట్టి కుడి పక్కకు పడుకోబెట్టేవారు. తలలు ఎదురుబొదురు దిక్కుల్లో ఉన్నా ఇద్దరి ముఖాలూ తూర్పుకే తిరిగి ఉంటాయి. అదే ప్రాంతాల్లో వీరికి కొంత ముందునుంచీ ఉన్న తాడుముద్ర కుండల సంస్కృతి వారు పురుషుణ్ణి పడమర తలతో కుడి పక్కకు, స్త్రీని తూర్పు తలతో ఎడమ పక్కకు ఉంచేవారు. అక్కడ అందరి చూపూ దక్షిణానికి. రెండింటిలోనూ మూల సూత్రం ఒకటే: స్త్రీ పురుషులకు వ్యతిరేక పార్శ్వాలు, వ్యతిరేక శిరోదిశలు, కానీ ముఖానికి ఒకే దిక్కు. సూత్రాన్ని అలాగే ఉంచి దిక్కులను మాత్రం తొంభై డిగ్రీలు తిప్పినట్టుగా ఉంది. ఇక బ్రిటన్‌కు వస్తే, యార్క్‌షైర్‌లోనూ, స్కాట్లండ్ ఈశాన్యంలో ఆబర్డీన్ పరిసరాల్లోనూ పురుషుల తల తూర్పుకు, స్త్రీల తల పడమరకు ఉండి ముఖాలు దక్షిణానికి తిరిగి ఉండడం తరచు కనిపిస్తుంది. వ్రాత లేని సమాజంలో ఇంత ఖచ్చితమైన నియమం దేశాలు దాటి, తరాలు దాటి నిలిచిందంటే, శవాన్ని గోతిలోకి దించేటప్పుడు పక్కన నిలబడి ‘తల ఇటు, ముఖం అటు’ అని చెప్పే పెద్దలు ప్రతి ఊళ్ళోనూ ఉండి ఉండాలని నేను అనుకుంటాను.

ఇప్పుడు ఒక సమాధిని నిదానంగా పరిశీలిద్దాం. 2002లో దక్షిణ ఇంగ్లండ్‌లోని ఏమ్స్‌బరీలో, స్టోన్‌హెంజ్ అనే ప్రాచీన శిలావలయానికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, కొత్త ఇళ్ళ నిర్మాణానికి ముందు వెసెక్స్ ఆర్కియాలజీ సంస్థ తవ్వకం జరుపుతుండగా ఒక బీకర్ సమాధి బయటపడింది. అందులోని పురుషుడికి 35 నుంచి 45 ఏళ్ళ వయసు ఉంటుంది. మరణించిన కాలం సుమారు క్రీ.పూ. 2380–2290 మధ్య. ఇటువంటి సమాధిలో మామూలుగా ఒక పాత్ర, ఒకటి రెండు వస్తువులు ఉంటే గొప్ప. ఇక్కడ దాదాపు వంద వస్తువులు దొరికాయి. ఐదు బీకర్లు, మూడు రాగి కత్తులు, చెకుముకిరాతి బాణపు మొనలు, రెండు రాతి మణికట్టు పలకలు, అడవిపంది కోరలు, జుట్టుకు అలంకరించుకునే రెండు చిన్న బంగారు ఆభరణాలు వాటిలో ఉన్నాయి. బ్రిటన్‌లో దొరికిన అత్యంత ప్రాచీనమైన బంగారంలో ఆ ఆభరణాలు లెక్కకు వస్తాయి. బాణపు మొనల కారణంగా ఆయనను ఏమ్స్‌బరీ విలుకాడు అంటున్నారు. ఆయనకు ఎడమ మోకాటి చిప్ప లేదు. ఆ కాలితో నడవడం ఆయనకు కష్టంగానే ఉండి ఉంటుంది.

ఆ వంద వస్తువుల్లో నా దృష్టిని ఎక్కువగా ఆకర్షించేది బంగారం కాదు, లోహాన్ని సాగగొట్టడానికి వాడే ఒక చిన్న నల్లటి దాగలిరాయి. రాగిని, బంగారాన్ని కరిగించి రూపమిచ్చే విద్య అప్పుడప్పుడే బ్రిటన్‌లో ప్రవేశిస్తోంది. ఆ విద్య తెలిసినవాడికి ఎంత గౌరవం దక్కి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఆయన సమాధి సంపదకు వీరత్వం కన్నా ఈ నేర్పే కారణమై ఉండవచ్చునన్నది కొందరి అభిప్రాయం. నాకూ అదే సమంజసంగా తోస్తుంది.

ఆయన ఎక్కడివాడో పళ్ళు చెప్పాయి. మనం బాల్యంలో తాగిన నీటిలోని ఆక్సిజన్ ఐసోటోపుల, అంటే బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువుల, నిష్పత్తి పంటిపై గట్టి పొర అయిన ఎనామెల్‌లో నిలిచిపోతుంది. వాతావరణాన్ని బట్టి, సముద్రానికి గల దూరాన్ని బట్టి ఆ నిష్పత్తి మారుతుంది. తిన్న తిండి ద్వారా ఆ నేలలోని రాతికి సంబంధించిన స్ట్రాన్షియం అనే మూలకం కూడా అక్కడికే చేరుతుంది. ఎముక జీవితాంతం మారుతూ ఉంటుంది గాని, ఒకసారి ఏర్పడిన ఎనామెల్ మారదు. విలుకాడి పళ్ళలోని ఆక్సిజన్ బ్రిటన్‌కు సరిపోలలేదు. చలి ఎక్కువగా ఉండే మధ్య ఐరోపాలో, బహుశా ఆల్ప్స్ పర్వత ప్రాంతంలో, ఆయన బాల్యం గడిచిందని తేలింది. ఆ పక్కనే మరో గోతిలో 20–25 ఏళ్ళ యువకుడి అస్థిపంజరం దొరికింది. ఇద్దరి పాదాల ఎముకల్లోనూ ఒకే అరుదైన అమరిక ఉండడంతో వారు బంధువులై ఉండవచ్చునని భావించారు. అయితే ఆ యువకుడు చిన్ననాట తాగిన నీరు దక్షిణ ఇంగ్లండ్ సుద్దనేలలది. వలస వచ్చిన తరమూ, ఇక్కడ పెరిగిన తరమూ పక్కపక్కనే పడుకుని ఉన్నాయన్న మాట.

ఆ రోజుల్లో కొన్ని పత్రికలు ఆయనను స్టోన్‌హెంజ్ రాజు అన్నాయి. ఇది సరికాదు. స్టోన్‌హెంజ్‌లోని మహాశిలలను నిలిపినది క్రీ.పూ. 2500 ప్రాంతంలో, అంటే ఈ విలుకాడు పుట్టకముందే. ఆ శిలలను నిలిపినవారు బీకర్ సమాధులు తెలియని స్థానిక వ్యవసాయదారులు. తరువాత వచ్చినవారు ఆ స్థలాన్ని గౌరవించారు, దాని చుట్టూ తమ మృతులను పాతిపెట్టారు, కొన్ని మార్పులూ చేశారు. కట్టినవారి కీర్తి కట్టినవారికే చెందాలి.

విలుకాడి గుర్తులైన మణికట్టు పలకల గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. వింటినారి వెనక్కి కొట్టుకున్నప్పుడు చేతికి దెబ్బ తగలకుండా ముంజేతి లోపలి వైపు కట్టుకునే రక్షణ ఇదని మొదట అనుకున్నారు. కానీ సమాధుల్లో అవి ఉన్న తీరును నెదర్లండ్స్ పండితుడు హారీ ఫోకెన్స్, ఆయన సహచరులు పరిశీలించినప్పుడు, చాలాచోట్ల పలక ముంజేతి బయటి వైపున ఉన్నట్టు తేలింది. అక్కడ ఉంటే నారి దెబ్బను అది ఆపలేదు, చూసేవారికి మాత్రం బాగా కనబడుతుంది. ఇంగ్లండ్‌లోని బార్నాక్‌లో దొరికిన పచ్చరాతి పలకకు 18 రంధ్రాలు ఉన్నాయి, ప్రతి రంధ్రానికీ బంగారు తొడుగు ఉంది. అది వేటకు తీసుకువెళ్ళే వస్తువు కాదని చూడగానే తెలుస్తుంది. అంటే ఈ వస్తువులు మృతుడు రోజూ చేసిన పనిని యథాతథంగా చూపించడం లేదు. అతణ్ణి ఎలా గుర్తుంచుకోవాలని బంధువులు కోరుకున్నారో చూపిస్తున్నాయి. అలాగని ఆ కాలంలో విల్లు కేవలం అలంకారమని అనుకోరాదు. 1978లో స్టోన్‌హెంజ్ చుట్టూ ఉన్న కందకంలోనే దొరికిన ఒక పురుషుడి ఎముకల్లో చెకుముకి మొనల ముక్కలు గుచ్చుకుని ఉన్నాయి. అతడి దగ్గరా మణికట్టు పలక ఉంది. బాణాలు అతడిని దగ్గరినుంచే తాకాయని భావిస్తారు.

పాత్రలో ఏముండేదన్న ప్రశ్నకు స్కాట్లండ్‌లోని ఫైఫ్ ప్రాంతంలో ఆష్‌గ్రోవ్ వద్ద రాతిపెట్టె సమాధి కొంత జవాబు ఇచ్చింది. అక్కడి బీకర్‌లో నిమ్మజాతితో సంబంధం లేని లైమ్ అనే ఐరోపా చెట్టు పుప్పొడి, మెడోస్వీట్ అనే పూలమొక్క పుప్పొడి దొరికాయి. తేనెను పులియబెట్టి చేసిన మద్యం అందులో పోశారని ఒక వివరణ. శవంపై పరిచిన పూలనుంచి ఆ పుప్పొడి రాలి ఉండవచ్చునని మరో వివరణ. రెండింటిలో ఏది నిజమైనా, బతికున్నవారు చేతులతో చేసిన ఒక చివరి సపర్య దాని వెనుక ఉంది.

ఇక ఈ సమాధులను చదివినవారి చరిత్రకు వద్దాం. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో వైద్యుడు జాన్ థర్నమ్ దిబ్బలనుంచి తీసిన పుర్రెలను కొలిచి, పొడవు దిబ్బల్లో పొడవు పుర్రెలు, గుండ్రటి దిబ్బల్లో గుండ్రటి పుర్రెలు ఉన్నాయని, అవి రెండు వేర్వేరు జాతులవని ప్రతిపాదించాడు. ఆ కాలపు ఆలోచనా ధోరణి మన నేలనూ తాకింది. నిజాం కొలువులో పనిచేసి, సురపురం సంస్థానాన్ని పాలించిన ఫిలిప్ మెడోస్ టేలర్ ఆ ప్రాంతంలోని బృహత్ శిలా సమాధులను తవ్వి, ఎంతో శ్రద్ధగా పటాలు గీసి, వాటికీ బ్రిటన్‌లోని రాతి కట్టడాలకూ ఉన్న పోలికను బట్టి వాటిని ప్రాచీన ఐరోపా జనమైన సెల్టులకో, గడ్డిమైదానాల సంచారులైన సిథియనులకో అంటగట్టాడు. ఆయన తవ్వకపు వర్ణనలు నేటికీ విలువైనవి. కానీ పోలికనుంచి చుట్టరికం తీయడం చెల్లలేదు. తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల్లో మనవాళ్ళు రాకాసి గుళ్ళు అనే ఆ సమాధుల్లో అధికభాగం ఇనుపయుగానివి, బీకర్ కాలం ముగిసిన చాలా శతాబ్దాల తరువాతివి.

20వ శతాబ్ది తొలి దశకాల్లో జర్మనీలో గుస్తావ్ కొసినా ఒక రకం కుండలు ఎక్కడ దొరికితే అక్కడ ఒక జాతి ఉన్నట్టేనని వాదించాడు. ఆ వాదాన్ని నాజీలు తమ రాజకీయాలకు వాడుకున్నారు. ఆ అనుభవం తరువాత పురావస్తు పండితులు వలస అనే మాట ఎత్తడానికే సంకోచించారు. 1960ల నుంచి బీకర్ పాత్రను ఒక ఫ్యాషన్‌గా, పెద్ద కుటుంబాల మధ్య నడిచిన విందు ఆచారంగా, ఒక నమ్మకపు చిహ్నంగా వివరించే ధోరణి బలపడింది. మనుషులు కదలలేదు, ఆలోచనలే కదిలాయని చాలామంది నమ్మారు. ఒక అతి నుంచి తప్పించుకోబోయి మరో అతిలోకి జారారని నా అభిప్రాయం, అయితే వారి భయానికి తగిన కారణం ఉందని కూడా ఒప్పుకోవాలి.

2018 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో ఇనీగో ఒలాల్దే, డేవిడ్ రైక్ తదితరులు ప్రకటించిన అధ్యయనం ఈ వివాదాన్ని కొత్త మలుపు తిప్పింది. ప్రాచీన ఐరోపాకు చెందిన 400 మంది అస్థికలనుంచి డీఎన్‌ఏ తీసి పోల్చారు. వారిలో 226 మంది బీకర్ సమాధులకు చెందినవారు. ఇటువంటి పరీక్షకు లోపలి చెవిని చుట్టి ఉండే దిటవైన ఎముక అన్నిటికన్నా అనువైనది, వేల ఏళ్ళ తరువాత కూడా డీఎన్‌ఏ అందులో నిలుస్తుంది.

ఫలితం రెండు వైపులా పదునుగా ఉంది. స్పెయిన్, పోర్చుగల్‌లలోని తొలి బీకర్ వినియోగదారులకూ, మధ్య ఐరోపాలోని బీకర్ జనానికీ జన్యు సంబంధం చాలా స్వల్పం. అంటే ఆ రెండు ప్రాంతాల మధ్య పాత్ర, దాని చుట్టూ ఉన్న అలవాట్లు ప్రయాణించాయి, మనుషులు పెద్దగా ప్రయాణించలేదు. బ్రిటన్‌లో దీనికి పూర్తిగా విరుద్ధమైన పరిస్థితి కనిపించింది. బీకర్ రాకతో మొదలై కొన్ని వందల సంవత్సరాల్లోనే అక్కడి జన్యు వారసత్వంలో దాదాపు 90 శాతం మారిపోయింది. కొత్తగా వచ్చినవారికి అన్నిటికన్నా దగ్గరి పోలిక నెదర్లండ్స్ ప్రాంతపు బీకర్ జనంతో ఉంది. వారి పూర్వీకుల్లో ఒక పెద్ద భాగం నల్ల సముద్రానికి ఉత్తరాన ఉన్న గడ్డిమైదానాల పశుపాలకులనుంచి, తాడుముద్ర కుండల సంస్కృతి మీదుగా వచ్చినది.

ఈ 90 శాతం అనే అంకెను చాలామంది ఊచకోతగా అర్థం చేసుకున్నారు. అంత తొందర అవసరం లేదు. ఇది ఒక్క తరంలో జరిగింది కాదు. నవీన శిలాయుగం చివరినాటికి బ్రిటన్ జనాభా అప్పటికే పలుచబడి ఉండవచ్చు. ప్లేగు బ్యాక్టీరియా డీఎన్‌ఏ సుమారు 4000 ఏళ్ళ నాటి బ్రిటన్ అస్థికల్లో, సోమర్‌సెట్‌లోని చార్టర్‌హౌస్ వారెన్‌లోనూ, కంబ్రియాలోని లెవెన్స్‌లోనూ దొరికింది. మరో ముఖ్యమైన సంగతి ఉంది. బీకర్ జనానికి ముందు శతాబ్దాల్లో బ్రిటన్ ప్రజలు తమ మృతులను ఎక్కువగా దహనం చేశారు. స్టోన్‌హెంజ్ కూడా మొదట ఒక పెద్ద దహన శ్మశానం. కాల్చిన ఎముకలో డీఎన్‌ఏ మిగలదు. కాబట్టి కొత్తవారు వచ్చిన తొలినాళ్ళలో దహనాన్ని కొనసాగించిన స్థానికులు ఎందరున్నా వారు మన లెక్కలోకి రారు. శవసంస్కార పద్ధతే ఇక్కడ మన సాక్ష్యాన్ని ముందుగా వడకట్టింది. చివరి ఫలితం, అంటే వారసత్వంలో వచ్చిన మార్పు, సందేహానికి తావులేనిది. అది జరిగిన వేగమూ తీరూ మాత్రం ఇంకా చర్చలోనే ఉండవలసినవి.

స్పెయిన్, పోర్చుగల్‌లు ఉన్న ఇబేరియాలో కథ తరువాత మరో మలుపు తిరిగింది. తొలి బీకర్లు అక్కడ పాత ఉమ్మడి సమాధుల్లోనే, పోర్చుగల్‌లోని పాల్మెలా వద్ద ఉన్నటువంటి రాతిలో తొలిచిన గుహల్లో, స్థానికుల ఎముకల మధ్యే దొరుకుతాయి. గడ్డిమైదానాల వారసత్వం కొన్ని శతాబ్దాల తరువాత చేరింది. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం క్రీ.పూ. 2000 నాటికి అక్కడి వారసత్వంలో సుమారు 40 శాతం మారింది, తండ్రినుంచి కొడుకుకు సంక్రమించే వై క్రోమోజోము మాత్రం దాదాపు పూర్తిగా మారిపోయింది. కాస్తియెహో దెల్ బొనేతె అనే చోట ఒకే సమాధిలో ఉన్న ఇద్దరిలో పురుషుడికి గడ్డిమైదానాల వారసత్వం ఉంది, స్త్రీకి లేదు. వారిద్దరి మధ్య ఏ బంధం ఉండేదో ఎముకలు చెప్పవు. కానీ వలస వచ్చినవారూ స్థానికులూ ఒకే గోతిని పంచుకున్నారన్నది స్పష్టం.

హంగేరీలో బుడాపెస్ట్ దగ్గరి చెపెల్ దీవికి వెళితే మన మూడు ప్రశ్నలకు మూడు వేర్వేరు జవాబులు దొరుకుతాయి. అక్కడ బీకర్ పాత్ర ఉంది. కానీ శవాలను చాలావరకు దహనం చేసి బూడిదను కుండల్లో పాతిపెట్టారు. ఆ దీవిలోని సిగెత్‌సెంత్‌మిక్లోష్ శ్మశానంలో పాతిపెట్టిన కొద్దిమంది డీఎన్‌ఏ చూస్తే, గడ్డిమైదానాల వారసత్వం ఒకరిలో అసలే లేదు, మరొకరిలో 75 శాతం వరకు ఉంది. ఒకే పాత్ర, ఒకే శ్మశానం, పూర్తిగా భిన్నమైన వంశమూలాలు. ఐర్లండ్‌లోనూ ఇటువంటి తిరకాసే. కెర్రీ ప్రాంతంలోని రాస్ ఐలాండ్‌లో క్రీ.పూ. 2400 ప్రాంతం నుంచి రాగి తవ్విన గని కార్మికుల మకాంలో బీకర్ పెంకులు దొరికాయి. అయినా బీకర్ పాత్రతో కూడిన ఒంటరి సమాధి ఆ దేశంలో అరుదు; రాతితో కట్టిన ఉమ్మడి సమాధులనే అక్కడివారు వాడుతూ వచ్చారు.

స్విట్జర్లండ్‌లోని సియోన్ పట్టణంలో పెతి షాసర్ అనే చోట మరో రకం దృశ్యం. బీకర్ కాలానికి ముందువారు అక్కడ మనుషుల ఆకారంలో, దుస్తులూ ఆభరణాలూ ఆయుధాలూ చెక్కిన నిలువురాళ్ళను నిలిపారు. బీకర్ కాలంలో వాటిని పడగొట్టి, విరగ్గొట్టి, తమ రాతిపెట్టె సమాధులకు పలకలుగా వాడుకున్నారు. ఇది శత్రువుల చిహ్నాలను అవమానించడమా, పూర్వుల శక్తిని తమ సమాధిలోకి చేర్చుకోవడమా అన్నదానిపై పండితులు ఏకీభవించలేదు. ఆ రాళ్ళను ముక్కలు చేసి పారేయకుండా అంత శ్రద్ధగా గోడలుగా అమర్చడం చూస్తే నేను రెండో అభిప్రాయం వైపే మొగ్గుతాను.

ఇంతవరకు పురుషుల ఆయుధాల గురించే ఎక్కువ మాట్లాడాను. స్త్రీల, పిల్లల సమాధుల విషయంలో ఇటీవలి పరిశోధన చెప్పినవి నా మట్టుకు ఇంకా లోతైనవి. లక్సెంబర్గ్‌లోని ఆల్ట్‌వీస్‌లో ఒక స్త్రీ, సుమారు మూడేళ్ళ బాలుడు ఒకరికొకరు ఎదురుగా ముఖాలు పెట్టి, ఒకే గోతిలో ఉన్నారు. వారు తల్లీ కొడుకులేనని డీఎన్‌ఏ నిర్ధారించింది. ఇంగ్లండ్‌లోని డన్‌స్టబుల్ కొండలపై 1887లో వర్తింగ్టన్ స్మిత్ తవ్విన దిబ్బలో కూడా ఒక స్త్రీ ఒక చిన్నారిని దగ్గరికి తీసుకుని ఉంది. వారి చుట్టూ శిలాజాలుగా మారిన సముద్రపు ముళ్ళకాయలు (సీ అర్చిన్ అనే గుండ్రటి సముద్ర జీవులు) వందకు మించి ఉన్నాయి. వారినీ తల్లీ కూతుళ్ళుగానే అందరూ అనుకున్నారు. 2024లో వెలువడిన అధ్యయనం వేరే మాట చెప్పింది. సుమారు ఆరేళ్ళ ఆ అమ్మాయికి ఆ స్త్రీ మేనత్త. తల్లి లేని స్థానంలో తండ్రి తోబుట్టువు ఆ పిల్లను సాకిందో, లేక మరణంలోనైనా దగ్గరి మనిషి తోడుండాలని బంధువులే వారిని అలా ఉంచారో మనకు తెలియదు. మేనత్త బంధం ఎంత గాఢమైనదో ఈ సభలో నేను వివరించనక్కరలేదు.

జర్మనీ దక్షిణాన లెక్ నది లోయలో బీకర్ కాలం చివరినుంచి కంచుయుగం ఆరంభం వరకు ఉన్న వ్యవసాయ కుటుంబాల శ్మశానాలపై జరిగిన అధ్యయనాలు ఇంకో విషయం బయటపెట్టాయి. పురుషులు తరతరాలుగా తండ్రి ఊళ్ళోనే ఉండిపోయారు. స్త్రీలలో చాలామంది దూరప్రాంతాలనుంచి వచ్చినవారు. వారికి ఘనమైన ఆభరణాలతో అంత్యక్రియలు జరిగాయి. అయితే వారి సంతానం ఆ శ్మశానాల్లో కనిపించలేదు. ఇంత గౌరవం పొందిన స్త్రీల బిడ్డలు ఎక్కడికి వెళ్ళారన్న ప్రశ్నకు సంతృప్తికరమైన జవాబు ఇంకా రాలేదు. రాగి, కంచు పనుల నేర్పు, పాత్రల నగిషీ, వంటలు, పాటలు, శవానికి దిక్కు పెట్టే పద్ధతులు దూరాలు దాటడంలో ఈ స్త్రీల పాత్రను మనం తక్కువగా అంచనా వేశామని నాకు అనిపిస్తుంది.

అందరికీ ఇటువంటి గౌరవం దక్కలేదు. ఇందాక ప్లేగు సందర్భంలో చెప్పిన చార్టర్‌హౌస్ వారెన్‌లోనే, సుమారు 15 మీటర్ల లోతున్న సహజమైన బిలంలో, క్రీ.పూ. 2210–2010 మధ్య కనీసం 37 మంది స్త్రీ పురుషుల, పిల్లల అవశేషాలను పడవేశారు. పుర్రెలపై దెబ్బలు, ఎముకలపై కోతలు ఉన్నాయి. వారిని చంపి, జంతువులను కోసినట్టు కోశారని 2024లో పరిశోధకులు ప్రకటించారు. దిక్కులూ పార్శ్వాలూ ఇంత శ్రద్ధగా పాటించిన సమాజంలో మృతదేహాన్ని అలా పారవేయడం ఆ మనుషులకు మరణానంతర స్థానమే లేకుండా చేయాలన్న ఉద్దేశంతో జరిగిందని అనుకోవచ్చు. సమాధి ఎంత విలువైన గౌరవమో దాన్ని నిరాకరించిన ఈ ఘటన ద్వారా కూడా తెలుస్తుంది.

చివరగా ఈ ఆచారం ఎలా ముగిసిందో చెప్పాలి. బ్రిటన్‌లో క్రీ.పూ. 2000 తరువాత బీకర్ క్రమంగా వెనకబడింది. ఇతర రకాల కుండలు సమాధుల్లోకి వచ్చాయి. దహనం మళ్ళీ బలపడింది, క్రీ.పూ. 1800 నాటికి అస్థికలను పెద్ద కుండల్లో ఉంచి పాతిపెట్టడం విస్తృతమైంది. ఒకే ఒక్క శవం, ముడిచిన మోకాళ్ళు, నిర్ణీతమైన దిక్కు అన్న నియమం కనుమరుగయింది. బీకర్ రాకను చూసిన అనుభవంతో ఈ మార్పునూ మరో వలసగా లెక్కవేయబోతే పొరబడతాం. ఈసారి జన్యు వారసత్వంలో అటువంటి మార్పేదీ కనబడలేదు. బీకర్ వలసదారుల సంతతివారే తమ ముత్తాతల పాత్రనూ గోతినీ విడిచి, ఒకప్పుడు ఆ నేలలో తమకు ముందున్నవారు ఆచరించిన దహనాన్ని చేపట్టారు. ఆ ఆచారాన్ని వారికి మిగిలి ఉన్న స్థానిక కుటుంబాలే అందించాయా, లేక సముద్రానికి ఆవలి సంబంధాలద్వారా అది వచ్చిందా అన్నది కాల్చిన ఎముకలపై స్ట్రాన్షియం పరీక్షలు విస్తరించేకొద్దీ తేలవలసిన విషయం. ఎనామెల్ మంటలో పగిలిపోయినా, బాగా కాలిన ఎముకలో స్ట్రాన్షియం మారకుండా నిలుస్తుందని ఇప్పటికే రుజువైంది కాబట్టి, ఆ పని సాధ్యమే.

నమస్కారం.